అమ్మ పద్దు పుస్తకం, జుకర్‌బర్గు గారి కౌలు చేను

మొన్న మా టీంలో ఒకబ్బాయి అడిగాడు. వాళ్లావిడ ఇంట్లోనే చీరల వ్యాపారం మొదలెడదామనుకుంటోందట. "ఫేస్‌బుక్కా, ఇన్‌స్టాగ్రామా, యూట్యూబా... దేన్లో మొదలెట్టాలి బాస్? మీ అమ్మగారి పచ్చళ్ల పేజీ నువ్వే నడిపావు కదా" అని. లంచ్ టైం అయిపోతోందని ఏదో ఒకటి చెప్పేశాను. సీట్లోకి వచ్చి కూర్చున్నాక, నేను చెప్పింది తప్పేమో అనిపించింది. దేన్లో మొదలెట్టాలి అన్నది అసలు ప్రశ్నే కాదు. ఈ ఇరవయ్యేళ్ల చరిత్ర ఒకసారి తిరగేస్తే ఆ సంగతి తెలుస్తుంది. అందుకే ఈ టపా. కాస్త పెద్దదే, టీ పెట్టుకుని కూర్చోండి :)

సరే, కథ మొదట్నుంచి చెప్పుకుందాం.

2006. అమెరికాలో యూటా రాష్ట్రం, ఓరెం అనే ఊరు. అక్కడ బ్లెండ్‌టెక్ అని ఒక మిక్సీల కంపెనీ ఉంది. దాని యజమాని టామ్ డిక్సన్‌కి తన మిక్సీ ఎంత గట్టిదో చూసుకోడానికి అందులో చెక్కముక్కలు వేసి తిప్పే అలవాటు. కొత్తగా చేరిన మార్కెటింగ్ డైరెక్టర్ జార్జ్ రైట్ ఒకరోజు నేలమీద రంపపు పొట్టు చూసి, ఇదేంటని అడిగితే సంగతి బయటపడింది. అదే పని కెమెరా ముందు చెయ్యమన్నాడు రైట్. గోళీలు, దంతె పిడి లాంటివి కొనుక్కొచ్చి మొదటి విడత వీడియోలు తీశారు. అయిన ఖర్చు సుమారు 50 డాలర్లు. యూట్యూబ్‌లో పెడితే కొద్దిరోజుల్లోనే లక్షలమంది చూశారు. 2007లో కొత్తగా వచ్చిన ఐఫోన్‌ని కూడా పొడి చేసేశారు మహానుభావులు. అంతవరకూ ఎక్కువగా హోటళ్లకీ జ్యూస్ షాపులకీ తెలిసిన కంపెనీ పేరు ఇళ్లల్లోకి వెళ్లింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు కొత్తగా నాటకం ఏమీ ఆడలేదు. రోజూ చేసే పనినే చూపించారు, అంతే. మన దగ్గర తర్వాత జరిగింది కూడా ఇదే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మై విలేజ్ షో వాళ్లు గంగవ్వని గంగవ్వలాగే చూపించారు. గ్రాండ్‌పా కిచెన్‌లో నారాయణరెడ్డి తాత (2019లో పోయారు) ఆరుబయట పొయ్యి మీద వంట చేసి అనాథ పిల్లలకి పెట్టేవారు. స్క్రిప్టు రాసి ఎవడూ పుట్టించలేని నమ్మకం అది.

రెండో కథ 2008 నవంబరు, లాస్ ఏంజిలెస్. ఆర్థిక మాంద్యం నడినెత్తిన ఉన్న రోజులు. రాయ్ చోయ్ అనే వంటాయన, ఇంకొందరు కలిసి కోగి అని ఒక తిండి బండి మొదలుపెట్టారు. కొరియా మాంసాన్ని మెక్సికో టాకోలో చుట్టి ఇవ్వడం వాళ్ల ప్రత్యేకత. బండి ఒకచోట ఉండదు, ఈ రాత్రి ఒక వీధిలో, రేపు ఇంకో వీధిలో. మరి జనానికి తెలిసేదెలా? ట్విట్టర్‌లో రాసేవాళ్లు, ఇప్పుడు ఫలానా చోట ఉన్నాం అని. అప్పటికి ట్విట్టర్‌కి నిండా మూడేళ్లు లేవు. "పొద్దున నేనేం తిన్నానో లోకానికెందుకు" అని అందరూ నవ్వుకునే రోజుల్లో వీళ్లు దాన్ని అసలు పనికి వాడారు. బండి రాకముందే జనం లైను కట్టేవాళ్లు. 2010లో రాయ్ చోయ్‌కి ఫుడ్ అండ్ వైన్ పత్రిక ఉత్తమ కొత్త షెఫ్‌లలో ఒకడిగా గుర్తింపు ఇచ్చింది. బండివాడికి ఆ పేరు రావడం అదే మొదలు.

మైకు ఒక్క దుకాణదారు చేతికే దొరికిందనుకుంటే పొరపాటు. కొనేవాడి చేతికీ దొరికింది. 2009 జూలైలో కెనడా గాయకుడు డేవ్ కారొల్, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రయాణంలో తన 3500 డాలర్ల గిటారు విరిగిందని, నెలల తరబడి తిరిగినా పరిహారం ఇవ్వలేదని పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టాడు. ఆ పాట ఎక్కడెక్కడికి పాకిందో మీకు తెలిసే ఉంటుంది. పెద్ద కంపెనీలన్నీ అప్పట్నుంచే ట్విట్టర్‌లో "క్షమించండి సార్, మీ నంబరు పంపండి" అనడం నేర్చుకున్నాయి.

ఇంతవరకూ కథ బావుంది కదా. చిన్నవాడు పైసా ఖర్చు లేకుండా పెద్దవాడితో సమానంగా నిలబడే రోజులు. ఇక్కడే మన జుకర్‌బర్గు గారు రంగంలోకి దిగారు.

ఫేస్‌బుక్ 2004లో కాలేజీ పిల్లల కోసం మొదలై, 2006 సెప్టెంబరులో అందరికీ తలుపులు తెరిచింది. 2007 నవంబరులో వ్యాపారాల కోసం పేజీలు పెట్టింది. అదే రోజు ప్రకటనల వ్యవస్థనీ ప్రకటించింది, గుర్తుంచుకోండి. ఊరూరా బేకరీలు, టైలర్లు, ట్యూషన్ సెంటర్లు పేజీలు తెరిచారు. "మా పేజీని లైక్ చెయ్యండి" అని బిల్లు కాగితాల మీద కూడా అచ్చు వేయించారు. అంటే ఏంటి? తన దుకాణానికి వచ్చిన మనిషిని వాడే స్వయంగా తీసుకెళ్లి ఫేస్‌బుక్ గుమ్మంలో దించి వచ్చాడు.

2012లో ఫేస్‌బుక్కే ఒక లెక్క చెప్పింది. పేజీలో పెట్టిన ఒక పోస్టు సగటున ఆ పేజీని ఇష్టపడ్డవాళ్లలో 16 శాతానికే చేరుతుందని. మిగతావాళ్లకి చేరాలంటే డబ్బు కట్టాలి. తర్వాత ఆ శాతం ఇంకా తగ్గుతూ వచ్చింది. 2014 జూన్‌లో ఫేస్‌బుక్ తరఫున వచ్చిన వివరణ ఏంటంటే, ఒక మనిషి ఫేస్‌బుక్ తెరిచినప్పుడల్లా సగటున 1500 సంగతులు చూపించడానికి సిద్ధంగా ఉంటాయి, అందులోంచి ఓ 300 ఏరి చూపిస్తాం అని. న్యాయంగా మాట్లాడితే ఇదీ నిజమే. అందరూ అరుస్తుంటే ఎవరి గొంతూ వినపడదు. కానీ 2012 మే నెలలో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లిందనీ, దాని రాబడి దాదాపుగా ప్రకటనల మీదే అనీ కూడా కలిపి చదువుకోవాలి. 2014 మార్చిలో ఈట్24 అనే అమెరికా ఫుడ్ డెలివరీ కంపెనీకి చిర్రెత్తుకొచ్చి, ఫేస్‌బుక్‌తో తెగతెంపులు చేసుకుంటున్నట్టు ఉత్తరం రాసి మరీ, 70 వేల లైకులున్న పేజీని మూసేసుకుంది. 2018 జనవరిలో జుకర్‌బర్గే స్వయంగా ప్రకటించారు, ఇకమీదట స్నేహితులూ కుటుంబసభ్యుల కబుర్లకే పెద్దపీట, వ్యాపార పేజీలు తర్వాతేనని.

మా తాతయ్య కృష్ణా డెల్టాలో కౌలుకి చేసేవారు. కౌలు చేనుకి ఎరువు తోలి, గట్లు సరిచేసి, బాగుచేసుకుంటూ పోతే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. నేల బాగుపడగానే ఆసామి కౌలు పెంచుతాడు. తాతయ్యకి కనీసం నోటిమాట ఒప్పందం ఉండేది, పెద్దమనుషులు ఉండేవాళ్లు. మనం మాత్రం చదవకుండా "అయ్ అగ్రీ" నొక్కేసి వచ్చాం.

కౌలు పెంచడం ఒక ఎత్తు. చేను ఉన్నపళంగా మాయమైపోవడం ఇంకో ఎత్తు. నేను ఏడో తరగతిలో నెట్ సెంటర్లో గంటకి 15 రూపాయలిచ్చి (వయసు అబద్ధం చెప్పి) ఆర్కుట్ ఖాతా తెరిచాను. మన దేశమూ, బ్రెజిలూ దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. 2004 జనవరిలో పుట్టిన ఆర్కుట్‌ని గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసేసింది. వైన్‌కి 2017 జనవరిలో నూకలు చెల్లాయి. 2011లో అట్టహాసంగా వచ్చిన గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 చైనా యాప్‌లని నిషేధిస్తే, అందులో టిక్‌టాక్ కూడా ఉంది. మన దేశంలో దానికి అప్పటికి 20 కోట్ల మంది దాకా ఉన్నారని లెక్క. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. రాత్రి పడుకునేటప్పుడు లక్షమంది అభిమానులున్న మనిషి పొద్దున లేచేసరికి సున్నా అయ్యాడన్నది మాత్రం నిజం.

2021 అక్టోబరు 4 మీకు గుర్తుండే ఉంటుంది, రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోయిన రోజు. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ ఫేస్‌బుక్ డేటా సెంటర్ల మధ్య లింకులన్నీ తెంపేసింది. దాంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్ లోంచి తమ దారులు తామే చెరిపేసుకున్నాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ సుమారు ఆరు గంటలు లేవు. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ప్రొడక్షన్ సర్వర్ ఒక్కటే పెడితే డిజైన్ రివ్యూలో మేనేజర్‌ని ఉతికి ఆరేస్తాం కదా, మరి ఇంటి వ్యాపారం మొత్తాన్ని ఒకే పేజీ మీద ఎలా పెడతాం?

నేను పెట్టాను. ఇక ఆ కథ.

నాన్న కిరాణా కొట్టు 2017లో మూసేయాల్సి వచ్చింది. నేను 2018లో ఇంజనీరింగ్ అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఆ ఏడే అమ్మ పచ్చళ్లు అమ్మడం మొదలుపెట్టింది. "నువ్వు చెయ్యడం చూడు, అమ్మడం నేను చూస్తా" అని పేద్ద ఫోజు కొట్టి పేజీ తెరిచా. ఫొటోలు, హ్యాష్‌ట్యాగులు, పండగ ఆఫర్లు... నాలుగేళ్లలో 11 వేల మంది ఫాలోయర్లు. అమ్మ మాత్రం కొట్లో మిగిలిపోయిన పద్దు పుస్తకాలు తీసి, పార్సిల్ వెళ్లిన ప్రతి మనిషి గురించీ అందులో రాసుకునేది. "ఏలూరు టీచరమ్మ - వెల్లుల్లి లేకుండా. జూన్‌లో డల్లాస్ కూతురికి పంపుతుంది." "నిజాంపేట బ్యాంకాయన - కారం తగ్గించాలి, కడుపులో మంట." ఇలాగన్నమాట. నేను చూసి నవ్వేవాణ్ణి. "అమ్మా, ఇదంతా పేజీలో ఉంటుందే, ఎందుకీ చాదస్తం" అంటే, "నీ పేజీ నీదిరా నాన్నా, నా పుస్తకం నాది" అనేది.

2022 ఏప్రిల్. ఆవకాయ కాలం. అమ్మ చీటీ ఎత్తి 80 వేలు పెట్టి కాయలు, నూనె, ఆవాలు, గుంటూరు కారం కొంది. ఇల్లంతా జాడీలు. సరిగ్గా అప్పుడు పేజీ ఖాతా లాక్ అయిపోయింది. ఏ సైటో చెప్పను, అనవసరం. అప్పీలు పెట్టాను. జవాబు మెషీనే ఇచ్చింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే జవాబు. మాట్లాడదామంటే అటుపక్క మనిషే లేడు. ఉద్యోగంలో టికెట్లు క్లోజ్ చేసే నాకు, నా టికెట్‌ని ఎవడూ ఓపెన్ చెయ్యకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది.

వారం రోజులు నాన్న ఏమీ మాట్లాడలేదు. అమ్మ ఎనిమిదో రోజు పొద్దున పుస్తకం ముందేసుకుని ఫోన్ పట్టుకుంది. అందులో 214 పేర్లున్నాయి. "ఆవకాయ కావాలా" అని ఒక్కరినీ అడగలేదు. "పోయినేడాది మీకు ఉప్పు సరిపోయిందా అండీ? ఈసారి కాయ బావుంది" అని మొదలుపెట్టేది. పన్నెండు రోజులు పట్టింది. జాడీలన్నీ ఖాళీ అయ్యాయని అబద్ధం చెప్పను, కొన్ని మిగిలాయి. కానీ చీటీ డబ్బు తిరిగొచ్చింది.

తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ పేర్లు లెక్కపెట్టాను. దాదాపు సగంమంది మొదటిసారి మా పేజీ చూసే వచ్చారు. అంటే పేజీ దండగ కాదు. అది సంత లాంటిది. కొత్తమొహాలు అక్కడే కనిపిస్తాయి. నా తప్పు సంతలో కాపురం పెట్టడం. అమ్మ మాత్రం సంతలో కలిసిన మనిషిని ఇంటికి పిలుచుకుంది.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. ఇదీ అదే చరిత్ర అంటే ఆశ్చర్యపోతారేమో.

లింక్డిన్ మొదలైంది 2003 మే నెలలో, అంటే ఫేస్‌బుక్ కన్నా ముందే. దాని వెనకున్న ఆలోచనకి ముప్ఫయ్యేళ్ల ముందే ఒకాయన పునాది వేశాడు. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, 1973లో వచ్చిన వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికిన వాళ్లని "ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవాళ్లు" అని అడిగితే ఏం చెప్పారో రాశాడు. తరచుగా అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. ఎందుకంటే మన దగ్గరి స్నేహితులకి తెలిసిన ఖాళీలు మనకీ తెలిసే ఉంటాయి. దూరపు పరిచయస్తుడి లోకం వేరు. 54 మంది మీద చూసిన ఆ లెక్కని, లింక్డిన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్లపాటు పరీక్షించి 2022లో సైన్స్ పత్రికలో అచ్చువేశారు. మరీ దగ్గరా కాదు, మరీ కొత్తా కాదు, మధ్యరకం పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయని తేలింది.

2023 ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. ఆకుపచ్చ చట్రం పెట్టుకుని లింక్డిన్‌లో పెద్ద పోస్టు రాశాను. నాలుగు వందల లైకులు, బోలెడు "ఆల్ ది బెస్ట్"లు. ఇంటర్వ్యూలు సున్నా. నెలన్నర తర్వాత పని చేసింది ఏంటంటే, 2019లో నాలుగు నెలలు మాత్రమే కలిసి పనిచేసిన ఒక టెస్టర్‌కి రాసిన మామూలు మెసేజ్. అప్పట్లో అతనికి లాగ్‌లు చదివే చిన్న చిట్కా ఒకటి వివరంగా రాసి పంపానట, నాకు గుర్తే లేదు. అతనికి గుర్తుంది! ఇప్పుడున్న ఉద్యోగం అలా వచ్చిందే. లింక్డిన్ లేకపోతే అతన్ని వెతికి పట్టుకునేవాణ్ణి కాదు, నిజమే. ఉద్యోగం తెచ్చింది మాత్రం ఆ చిట్కా.

వాట్సాప్ కథ కూడా ఇదే చెబుతుంది. 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ యాప్ రాకముందే మన చీరల ఆంటీలు వాట్సాప్‌ని దుకాణం చేసేశారు. 2015లో బెంగళూరులో మొదలైన మీషో, గ్రూపుల్లో ఫొటోలు పంపి అమ్మే ఆ ఆడవాళ్లని చూసే పెరిగింది. ఇందులో బ్రాడ్‌కాస్ట్ లిస్టు అని ఒకటుంది కదా, దాని నియమం గమనించారా? ఒక లిస్టులో 256 మంది, అదీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. మనం వాళ్ల నంబరు రాసుకుంటే చాలదు, వాళ్లు మనది రాసుకోవాలి. నాకైతే పదివేల లైకుల కన్నా ఇదే పెద్ద లెక్క.

వైరల్ అయితే చాలు అనుకునేవాళ్లకి మన మాదాపూర్ కథే ఉంది. ఐటీసీ కోహినూర్ దగ్గర కుమారి ఆంటీ భోజనం బండి ఎన్నో ఏళ్లుగా మనలాంటివాళ్లకి అన్నం పెడుతోంది. రీల్స్ పుణ్యమా అని ఒక్కసారిగా పేరు మోగిపోయింది. 2024 జనవరి చివరికి జనం, కెమెరాలు, ట్రాఫిక్ జాం ఎంత పెరిగాయంటే పోలీసులు బండి తీసెయ్యమన్నారు. ఆఖరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని అక్కడే ఉండనివ్వమంటే గానీ నిలవలేదు. ప్రతి బండి కోసం ముఖ్యమంత్రి రారు కదండీ.

మా టీం అబ్బాయికి ఇప్పుడు చెప్పే జవాబు ఇది. వాళ్లావిడ కొనేవాళ్లు ఎక్కడ తిరుగుతుంటే అక్కడే మొదలెట్టమను, ఏదైనా ఒకటే. చీర మడత విప్పి, అంచు దగ్గరగా చూపించి, లోపం ఉంటే అదీ చూపించమను. మొదటి చీర అమ్ముడైన రోజే ఒక పుస్తకమో, ఎక్సెల్ షీటో తెరవమను. పేరు, నంబరు, ఏ రంగు ఇష్టం, ఎవరి పెళ్లికి కొన్నారు. నెలకోసారి దాని కాపీ ఇంకోచోట పెట్టమను. ఆ షీటు పెరుగుతుంటే వ్యాపారం పెరుగుతున్నట్టు. ఫాలోయర్లు మాత్రమే పెరుగుతుంటే జుకర్‌బర్గు గారి చేను పండుతున్నట్టు.

ఆ తర్వాత అమ్మకి కొత్త పేజీ తెరిచాను. పద్దు పుస్తకాన్ని షీటులోకి ఎక్కించే పని కూడా నాదే, ప్రతి శనివారం. అన్నట్టు, ఖాతా ఎందుకు లాక్ అయిందో చెప్పలేదు కదూ. మెసేజ్‌లకి జవాబివ్వడానికి బద్ధకించి, నేనే ఒక ఆటో రిప్లై స్క్రిప్టు రాసి వదిలాను. సైటు దాన్ని బాట్ అనుకుంది. సరిగ్గానే అనుకుంది. "ఆ సైటువాళ్లే ఏదో చేశారమ్మా" అని ఇంట్లో చెప్పాను. అమ్మ ఇవన్నీ చదవదు లెండి. మీరెవరూ చెప్పకండి :)